జగన్నాధం బోటు పిలుపు

మా పేటలో చీకటి పడ్డాక జగన్నాధం బోటు పక్కనుంచి ఎవులూ నడవరు. నాలుగైదేళ్ళ కిందట తుఫానుకి ఒడ్డెక్కి, సరుగుడు తోటలో ఇరుక్కుపోయిన బోటది. జగన్నాధం ఆ రాత్రే పోనాడు. బోటు మాత్రం అలాగే ఉన్నాది. దాని మీది సోలారు పలకా అలాగే ఉన్నాది. దెయ్యం సొమ్ము మనకెందుకని దొంగలు కూడా ముట్టుకోనేదు. మా దొంగలకి భయభక్తులెక్కువ.

ఆ బోటు పేరు పెట్టి పిలుస్తాది. పోయినేడు వాయుగుండంలో అసిరయ్య వేటకెళ్ళి తిరిగి రానేదు. మర్నాడు రాత్రి ఆడి పెళ్ళాం అమ్మడు అటుగా వస్తంటే, బోటులోంచి ఆడి గొంతు — "అమ్మడూ... అమ్మడూ..."

రెండే సార్లు. రాత్రిపూట మూడోసారి పిలిచేదాకా పలకకూడదు, దెయ్యానికి మూడోసారి నోరు పెగలదు. ఇది మా పేటలో పాలుతాగే పిల్లడికి కూడా తెలుసు. అమ్మడు పలకనేదు. మంచి పని చేశావని అందరం మెచ్చుకున్నాం. తాయెత్తు కూడా కట్టించాం.

ఇక మొన్నటి సంగతి. నేను ఐసు అమ్ముకునేవాణ్ణి, నా కళ్ళతో చూసింది కాదు. దాలమ్మ చెప్పిందే చెప్తన్నాను.

మళ్ళీ వాయుగుండం పట్టింది. బోట్లన్నీ ఒడ్డుకి లాగేశారు. దాలమ్మ మొగుడు లక్ష్ముడొక్కడే రానేదు. దాలమ్మ తమ్ముడు గిరిబాబు పక్క పేటలన్నీ తిరిగి వాకబు చేసి, చీకటి పడ్డాక అడ్డదారని ఆ తోటలోంచి వస్తన్నాడు. బోటు కాడికి వచ్చేసరికి —

"గిరీ..."

కాళ్ళు ఆగిపోయాయి.

"ఒరే గిరీ..."

బావ గొంతు! గిరిబాబు మూడోసారి కోసం నిలబడ్డాడు. గాలి హోరు తప్ప ఇంకేటీ నేదు... అంతే, చెప్పులక్కడే వదిలేసి ఒకటే పరుగు.

"అక్కా... బావ పోనాడే..." అని గుమ్మంలో కూలబడ్డాడు.

"ఎవులు సెప్పార్రా?"

"బావే సెప్పినాడు. బోటులోంచి పిలిసినాడు."

దాలమ్మ ఏడవనేదు. చీపురు తీసింది. దెయ్యమైతే ఏటి, మొగుడు మొగుడే, ఇంటికి తోలుకొస్తానని బయల్దేరింది. వెనకాల గిరిబాబు. బాగా వెనకాల.

బోటెక్కి కేబిన్‌లోకి తొంగిచూసింది. చీకట్లో చిన్న ఎర్ర లైటు... దాని కింద గరగరమంటా, వేటకెళ్ళిన బోట్లతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు. జగన్నాధం పోయినప్పట్నుంచీ పగలల్లా ఆ సోలారు పలక బేటరీ నింపుతానే ఉన్నాది. సెట్టు ఆపినోళ్ళే నేరు.

దాలమ్మ మైకందుకుని బటను నొక్కింది.

"ఇదిగో, నిన్నేనయ్యా!"

గరగర. అంతే.

"ఏటయ్యా, నిన్నే!"

మళ్ళీ గరగర. ఆలిస్సమైపోయినాదేమో, సముద్రం తీసుకుపోయినాదేమో అని ఏడుపు తన్నుకొచ్చి, చీపురు విసిరికొట్టి అరిచింది.

"ఒరే లక్ష్ముడా!"

"ఆఁ, ఉన్నానే!"

"నీ మొహం మండ! ఇందాకట్నుంచి పలకవేటి?"

"నడి సముద్రంలో రాత్రేళ ఆడగొంతు... మూడోసారి పిలుస్తాదో నేదో సూద్దామని ఊరుకున్నాను. ఎవులైనా ఇంటారేమోనని మీ అందర్నీ పేరు పేరునా పిలిసినాను, బేటరీ మిగలాలని రెండేసి సార్లే. బేటరీ అయిపోతంది, బేగి ఇను. ఇంజను పోనాది. కళింగపట్నం లైటుహౌసు పడమటేపు కనబడతంది..."

గిరిబాబూ మరో నలుగురూ ఆ గాలిలోనే బోటు దించారు. తెల్లారేసరికి లక్ష్ముణ్ణి తెచ్చి ఇసకలో పడేశారు. దాలమ్మ ఆణ్ణి పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, తర్వాత ఇదంతా చెప్పింది. పేటంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

గుంపులోంచి అమ్మడు ముందుకొచ్చింది. మెడలో తాయెత్తు పట్టుకుని ఉన్నాది.

"ఆ సెట్టు పోయినేడు కూడా పన్జేసేదా?" అని అడిగింది.

ఎవులూ పలకనేదు.

మళ్ళీ అడిగింది.

మూడోసారి అడగనేదు.