గొలుసు లాభం

1878. ఉదయగిరి దుర్గం మీద సర్వేయర్ సిద్ధయ్య వెన్నులో కత్తి దిగింది. కొండ మ్యాపు కోసం కోణాలు కొలిచే థియోడలైట్ అక్కడే ఉంది. కొలతలు రాసుకునే ఫీల్డ్ బుక్ మాయమైంది.

మర్నాడు పొద్దున్నే ఉదయగిరి సర్వే క్యాంపులో ఆఫీసర్ నారాయణయ్య ఏజెంట్ మునెయ్యను పిలిపించాడు.

"పరాయి దేశపు ముఠా పని ఇది. కొండ కింద కరువు క్యాంపులో రెండు వేల మంది తాగేది ఒక్క ఊట నీళ్ళు. ఆ నీళ్ళు పుట్టే ఊట కన్ను రాళ్ళ కింద యాడుండాదో ఆ పుస్తకంలోనే ఉండాది. దాన్ని పేల్చేస్తే జనం తిరగబడతారు. వాళ్ళకు కావాల్సింది ఆ గలాటానే."

"మా అమ్మ ఆ క్యాంపులోనే ఉండాదయ్యా!"

"అందుకే నిన్ను పంపిస్తా ఉండా."

మధ్యాహ్నానికి మునెయ్య గొర్రెల కాపరి వేషంలో కొండెక్కాడు. ఏం లాభం? ఏనుగు గుండు అనే పెద్ద బండ మలుపులోనే రివాల్వర్ ఎదురైంది. దాని వెనక పట్టుచీర, అత్తరు వాసన... ఆదిశేషమ్మ! నిన్నటిదాకా సర్వే ఆఫీసులో మాటలు తర్జుమా చేసే దుబాసీ. పుదుచ్చేరిలో దొరల ఇంట పెరిగిన మనిషి. నమ్మి అన్నం పెట్టిన సిద్ధయ్యను చంపింది ఎవరో తెలిసి మునెయ్యకు ఒళ్ళు మండిపోయింది.

వెనక ముఠావాళ్ళు ముగ్గురున్నారు. ఆమె ఫీల్డ్ బుక్ తెరిచింది. "'ఏనుగు గుండుకు పడమరగా, గొలుసు లాభం, కన్ను.' గొలుసంటే కొలత. మరి లాభమంటే ఏమిటి?"

మునెయ్యకు ఆ మాట తెలుసు. ధాన్యం కొలిచినా, గొలుసుతో నేల కొలిచినా ఇక్కడివాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఈమెకు ఆ సంగతే తెలియదు!

"మంచి జరగాలని అనుకునే మాట తల్లీ. లెక్కలోకి రాదు."

"అయితే గొలుసుల లెక్కే లేదు. కన్ను గుండు పక్కనే అన్నమాట. వీణ్ణి దానికే కట్టండి. నిజం చెప్పాడో లేదో వాడే చూసుకుంటాడు."

ముఠావాళ్ళు ముగ్గురూ అతన్ని గుండుకు కట్టి, దాని పడమటి మొదట్లో మందుగుండు పీపా పాతి, ఫ్యూజ్ అంటించి, ఆమెతో పాటు తూర్పున ఒకే దారి ఉన్న ఇరుకు లోయలోకి పరిగెత్తారు. మునెయ్య మొలతాడుకు వెనకవైపు దాచుకున్న చిన్న రంపం అందుకున్నాడు. ఫ్యూజ్ మూరెడుంది. జానెడుంది. బెత్తెడు... తాడు తెగింది! పడమటివైపు పరిగెత్తి బండల వెనక్కి దూకాడు.

ఢాం!

గుండు ఊడి తూర్పుకు దొర్లి లోయ మూతికి అడ్డంగా పడింది. ముఠా లోపలే ఇరుక్కుంది. గుండు ఉన్నచోటికి ఒక గొలుసు దూరంలో, మునెయ్య కాళ్ళ పక్కనే బండల కింద ఊట ఎప్పటిలాగే పారుతోంది.

పేలుడు విని సాయంత్రానికి నారాయణయ్య సిపాయిలతో వచ్చి అందరినీ తాళ్ళతో పైకి లాగించాడు.

"ఎంతమందిరా మునెయ్యా?"

మునెయ్య ముందుగా ఆదిశేషమ్మ వైపు వేలు చూపించాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు."

ఆదిశేషమ్మకు ఆ మాట అప్పుడు అర్థమైంది.