ఆష్‌కాంబ్ దొర రేవు

ఆష్‌కాంబ్ దొర రేవు మంచిది కాదు. పొద్దుగూకాక అక్కడ పడవ కట్టమంటే మా కరోలినా పాయల్లో పీతలు పట్టేవాళ్లు ఒక్కరూ ఒప్పుకోరు. కోటు తొడుక్కున్న మనిషొకడు మెట్ల మీద కూర్చుని ఉంటాడట... ఉలకడు, పలకడు.

దొరంటే మామూలు దొరా? వరి పొలాలు ఆయనవి, వాటిలో చచ్చే మనుషులూ ఆయనవే, చివరికి రాష్ట్ర సెనేట్‌లో కుర్చీ కూడా ఆయనదే. ఆ కుర్చీ కోసం, ఎన్నికల ఖర్చుకని, ఓ ఏడాది పడవ నిండా బానిసల్ని అమ్మేశాడు. ఈ రేవులోనే ఎక్కించారు వాళ్లని. అందులో వంటమనిషి హేగర్ కూతురు ఫిబ్బీ ఉంది. పాలపళ్లు కూడా ఊడని పిల్ల.

ఎక్కడికి అమ్మావు దొరా అని ఆ తల్లి కాళ్ల మీద పడితే, కాఫీ చల్లారిపోయిందన్నాడట. పాపిష్టి ముండాకొడుకు.

తర్వాత యుద్ధమొచ్చింది, బానిసత్వం పోయింది, దొరా పోయాడు. పాలరాతి సమాధి కట్టారు. కానీ పోయినవాడు ఆఖరుసారి తాగిన కప్పుని పగలగొట్టి సమాధి మీద పెట్టాలన్న ఇంగితం తెల్లవాళ్లకెక్కడిది? అది పెట్టకపోతే ఆ మనిషికి నిద్ర పట్టదు. తిరుగుతూనే ఉంటాడు.

ఆ రాత్రి హేగర్ తమ్ముడు మింగో పీతల బుట్టలతో ఇంటికొస్తున్నాడు. పోటు తీసి నీళ్లు వెనక్కిపోయాయి. పడవ బురదలో దిగబడింది — సరిగ్గా ఆ రేవు దగ్గరే.

పడవ దిగి, మోకాలి లోతు బురదలో తాడు లాగుతున్నాడు... లాగుతూ తలెత్తాడు.

మెట్ల మీద మనిషి.

"నా కప్పేదిరా?"

మింగో తాడు వదిలేశాడు, పడవ వదిలేశాడు. పరిగెత్తుకుంటూ వెళ్లి అక్క గుడిసె తలుపు మీద పడ్డాడు.

"అక్కా... దొర... కప్పు అడుగుతున్నాడే..."

హేగర్ ఉలిక్కిపడలేదు. పొయ్యి వెనకనుంచి గుడ్డ మూటొకటి తీసి విప్పింది. నీలంపూల కప్పు. అడుగున ఎండిపోయిన కాఫీ మరక.

మింగో కప్పు వంకా, అక్క వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇన్నాళ్లూ ఆయన్ని తిప్పుతోంది నువ్వా?"

"నేనే. వాడి ప్రాణం పోయిన పూటే దాచేశా."

"నీకేమన్నా మతిపోయిందా అక్కా? పగలగొట్టి అక్కడ పెట్టెయ్."

"పెడతా. ఫిబ్బీ ఎక్కడుందో చెప్పాక పెడతా. కొన్నవాడి పేరు తెలిసింది వాడొక్కడికేరా. వాణ్ని పడుకోనిస్తే నా పిల్ల జాడ కూడా వాడితోపాటే మట్టిలో కలిసిపోతుంది." శాలువా కప్పుకుంది. "ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఇవాళ విప్పాడుగా, పద."

మింగో వెంట నడిచాడు. అక్కని ఒక్కదాన్నీ ఎలా పంపుతాడు?

దొర అక్కడే ఉన్నాడు. ఇన్నాళ్ల వానల్లో నానిన ముఖం... అయినా ఓట్లడిగేటప్పటి ఆ నవ్వు అలాగే ఉంది. ఓటర్లనే కాదు, వాళ్ల కుక్కల్ని కూడా పేరు పెట్టి పిలిచేవాడని చెప్పుకునేవారు.

"హేగర్," అన్నాడు మెల్లగా. "తెచ్చావా?"

పేరు గుర్తుంది... మింగోకి ఆశ పుట్టింది.

"తెచ్చా దొరా." ఆమె కప్పు చూపించింది, చేతికివ్వలేదు. "నా పిల్లని ఎవరికమ్మావో చెప్పు. తెల్లారేసరికి ఇది నీ సమాధి మీద ఉంటుంది. హాయిగా పడుకుందువుగాని."

దొర చెయ్యి చాపాడు... మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నుదురు రుద్దుకున్నాడు. దాచడం లేదు, బేరం ఆడటం లేదు. నిజంగానే వెతుక్కుంటున్నాడు — పాపం, ఎంతో దాహంగా ఉన్నట్టుంది, ఎలాగైనా చెప్పాలనే చూస్తున్నాడు.

హేగర్ కప్పుని ఇంకాస్త ముందుకి చాపింది.

ఆఖరికి దొర తలెత్తి, గుసగుసగా అడిగాడు.

"నీకు కూతురుండేదా?"