జారావాడు తెచ్చిన కోలా

"పేరు?"

"బ్రెహిమా జారా."

తాళాల వైపు సాగిన హోటల్ అమ్మాయి చెయ్యి టక్కున ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసింది. సికాసోలో తెల్లవారుజామున బస్సెక్కి, రాజధాని బమాకోలో దిగీ దిగగానే వానకు దొరికిపోయి, చొక్కా ఒంటికి అతుక్కుపోయి నిలబడి ఉన్నాను. ఆ అవతారం చూసి ఎవరైనా జాలిపడాలి కదా.

"జారాలకు గదులు లేవు" అంది. "దొడ్లో గాడిద పక్కన చోటుంది. దాన్ని అడిగొస్తా, అది ఒప్పుకుంటే పడుకో."

"నీ పేరేమిటి?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"సితాన్ త్రావోరే."

ఇంకేముంది! బస్సు బడలికంతా ఎగిరిపోయింది. సంచీ కింద పడేసి నడుం మీద చేతులు వేసుకున్నాను.

"అదీ సంగతి! బొబ్బర్లు మెక్కే త్రావోరేలకు హోటల్ నడిపే తెలివి ఎక్కడిదా అని చూస్తున్నా. మా తాతల నాడు మీరంతా మా పాలేర్లు. యజమాని వచ్చాడు, లేచి మంచి గది తియ్యి."

"యజమానట! ముందు ముక్కు తుడుచుకో."

జారాలకూ త్రావోరేలకూ వేళాకోళపు చుట్టరికం. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ముక్కూ మొహం తెలియకపోయినా, ఇంటిపేరు వినగానే ఒకరినొకరు తిట్టుకోవాలి. బొబ్బర్లు తినేవాడా అనటం అన్నిటికంటే పాత తిట్టు. చిన్నా పెద్దా లేదు. కోపం తెచ్చుకుంటే తప్పు, తిట్టకుండా ఊరుకుంటే అంతకంటే పెద్ద తప్పు. పోలీసు నన్ను ఆపితే అతని పేరు త్రావోరే కావాలని నేను మొక్కుకునేది అందుకే.

గోల విని వరండాలోంచి ఇద్దరు ముసలివాళ్లు తొంగి చూశారు. ఒకాయన సిరికీ త్రావోరే, సితాన్ తండ్రి, హోటల్ యజమాని. ఒకప్పుడు రైల్వేలో పనిచేశాడట, అందుకే మిసిరా పేటలో అందరూ దాన్ని రైలు హోటల్ అంటారు. రెండో ఆయన బురామా కుయాతే. కీటా ఊరి గాయకుడు. వంశాల గొప్పలు పాడటం, పెళ్లి మాటలు ఇంటి నుంచి ఇంటికి మోయటం ఆయన కులవృత్తి. బమాకోలో పెళ్లిళ్లున్నప్పుడల్లా ఈ హోటల్లోనే దిగుతాడు.

"పెద్దాయనా! మీ పిల్లకు నోటి దురుసెక్కువ. నేను పెళ్లి చేసుకుని దారిలో పెడతాలే" అన్నాను.

"తీసుకుపో! ఊరికే ఇస్తా. గాడిదను కూడా తోలుకుపో" అన్నాడు సిరికీ.

అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. జీవితంలో ఒక్కసారి వాడవలసిన మాటను మొదటి రోజే అలా వేళాకోళానికి ఖర్చు పెట్టేశాను.

* * *

నేను పొలాలకు సోలార్ పంపులు బిగిస్తాను. వానాకాలం పొలాల్లోకి అడుగు పెట్టలేం కనక కంపెనీ నన్ను ట్రైనింగ్‌కు పంపింది. గది కూడా వాళ్లే చూపించారు. ఊళ్లో సొంత మేనత్త ఉండగా హోటల్లో దిగానని ఆవిడ ఫోన్లో తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఆ తిట్లలో వేళాకోళం చుక్కయినా లేదు.

రోజూ పొద్దున్నే సితాన్ నా ముందు రొట్టె, చిక్కటి డబ్బా పాలు పోసిన కాఫీ పెట్టేది. పక్కన, ఎవరికీ పెట్టనిది, ఒక గిన్నె నిండా ఉడికించిన బొబ్బర్లు.

"తిను. మీ వంశపు ఆహారం."

"త్రావోరేల ఇంట్లో ఇంకేం దొరుకుతుంది?" అంటూ గిన్నె ఖాళీ చేసేవాణ్ణి. ఉల్లిపాయ, కొంచెం మిరపకాయ వేసి ఎంత బాగా చేసేదో! ఆ మాట పైకి అనకూడదు కాబట్టి అనలేదు.

ఇలా ఉండగా నాకు మలేరియా వచ్చింది. దుప్పటి కింద గజగజ వణుకుతుంటే తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చేతిలో చింతపండు వేసిన సజ్జ గంజి.

"జారాలకు జ్వరం తెచ్చుకోవటం కూడా సరిగా చేతకాదు. ట్రైనింగ్ అయ్యాక తెచ్చుకోవాలి గానీ మధ్యలోనా?" అని తిడుతూనే నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. తిట్లు సాగుతున్నాయి, చెయ్యి మాత్రం తియ్యలేదు. తీస్తుందేమోనని నేను కళ్లు తెరవలేదు.

జ్వరం తగ్గింది. ఇంకోటి పట్టుకుంది. పొద్దున్నే ఆమె గొంతు వినబడకపోతే మెట్ల మీద ఊరికే ఎక్కి దిగేవాణ్ణి. "జారావాడికి చెప్పు పోయినట్టుంది" అని వరండాలోంచి కుయాతే నవ్వేవాడు.

ట్రైనింగ్ ముగింపుకొచ్చింది. ఆదివారం వెళ్లిపోవాలి. సికాసోకు కూడా కాదు, దేశానికి ఆ చివరున్న కాయ్‌కు బదిలీ చేశారు. అక్కడికి వెళ్లాక మళ్లీ ఎప్పుడొస్తానో కంపెనీకే తెలియదు. ఆ లోపల సితాన్‌కు నా మనసు చెప్పాలి. చెప్పటం పెద్ద పనేం కాదు, ఆమె నమ్మాలి కదా.

* * *

సోమవారం సాయంత్రం మబ్బు కమ్మింది. సితాన్ డాబా మీద దుప్పట్లు తీస్తోంది. ఒక్క పరుగున పైకెక్కి రెండో కొస పట్టుకున్నాను. సగం తీసేసరికి కుండపోత. ఇద్దరం తలో మూట గుండెకు హత్తుకుని రేకుల షెడ్డు కిందికి దూరాం. రేకుల మీద వాన హోరు. ఆమె కనురెప్పల మీద నీళ్లు.

"సితాన్. నేను నిన్ను ప్రేమిస్తున్నాను. పెళ్లి చేసుకుంటాను."

"ఆహా! కన్యాశుల్కంగా ఎన్ని మూటల బొబ్బర్లు ఇస్తావు?"

"తమాషా కాదు. నిజంగా అంటున్నా."

"నిజంగానా?" పకపకా నవ్వింది. "ఒట్టు కూడా వెయ్యి, పూర్తవుతుంది."

"ఒట్టు!"

నవ్వు మెల్లగా ఆగింది. వానవైపు చూస్తూ అంది, "ఈ హోటల్లో దిగిన ప్రతి జారా ఈ మాట అన్నాడు, బ్రెహిమా. నిరుడు ఒకాయన వచ్చాడు, డెబ్భై ఏళ్లుంటాయి, నోట్లో పన్ను లేదు. ఆయనా ఒట్టేశాడు. వాళ్లందరి మాటా, నీ మాటా ఒకేలా వినపడితే నేనేం చెయ్యను?"

 ఆమె మూట ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచిందని నాకు తర్వాత గాని తట్టలేదు.

* * *

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. వేళాకోళం వల్లే కదా ఈ తంటా అంతా! మానేస్తే సరి.

"శుభోదయం సితాన్ గారూ" అన్నాను పొద్దున్నే. "తమరు క్షేమమా? నాన్నగారు క్షేమమా?"

గిన్నె పట్టుకున్న ఆమె చెయ్యి గాల్లో ఆగింది.

"ఏమైంది నీకు?"

"ఏం కాలేదండీ. కాఫీ చాలా బాగుంది, ధన్యవాదాలు."

ఆమె బొబ్బర్ల గిన్నె వెనక్కి తీసుకుపోయింది. సాయంత్రం కూడా నేను 'అండీ' అన్నాను. మర్నాడు నా బల్ల మీద రొట్టె ఒక్కటే ఉంది, తెచ్చిపెట్టింది వంటావిడ. ఆ రోజంతా సితాన్ నా కంటపడలేదు.

గురువారం చూస్తే దొడ్లో గాడిద మెడ నిమురుతూ నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సితాన్..."

"గారు ఏదీ? గారు అనండి! మా వాళ్లు మీ వాళ్లకు ఏం ద్రోహం చేశారని? జారా త్రావోరేను తిట్టటం మానేశాడంటే ఆ ఇంటితో తెగతెంపులు చేసుకున్నట్టే కదా! నేను నవ్వానని ఇంత పగా?"

"పగా! పిచ్చిదానా, నా మాట నమ్ముతావని మానేశాను!"

ఆమె గాడిద చాటుకు తిరిగింది. నేనూ అటు తిరిగాను.

"తిడితే తమాషా అంటావు, తిట్టకపోతే ఏడుస్తావు. నా తల ప్రాణం తోకకొస్తోంది. ఇంక నేనెలా చెప్పాలి?"

గాడిద కూడా ఆ జవాబు కోసమే అన్నట్టు చెవులు నిక్కించింది. సితాన్ తల దించుకుని, దాని తాడు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"నాకు చెప్పక్కర్లేదు. నేను... సోమవారమే నమ్మాను. నమ్మకూడదని గట్టిగా నవ్వాను. నిజం కాకపోతే భరించలేనని."

తాడు వదిలేసి నావైపు తిరిగింది.

"మా నాన్నతో చెప్పు. ఆయన నవ్వకుండా వింటే చాలు."

* * *

మా వైపు పిల్లనడగాలంటే నోట్లో వేసుకుని నమిలే చేదు కోలా గింజలు పంపాలి. పిల్ల ఇంటివాళ్లకు ఇష్టం లేకపోతే తిప్పి పంపేస్తారు. ఇష్టమైతే పగలగొట్టి చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. పంచారంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టే.

ఆ కోలా పెద్దమనిషి ఎవరైనా తీసుకెళ్లాలి. మేనత్తకు ఫోన్ చేశాను. "ఓహో, ఇప్పుడు గుర్తొచ్చానా? మీ మావయ్య ఊళ్లో లేడు. వచ్చేవారం చూద్దాం" అని పెట్టేసింది. వచ్చేవారానికి నేను కాయ్‌లో ఉంటాను. అందుకని ఏ జారా కొడుకూ చెయ్యని పని చేశాను. బజారులో మంచి తెల్ల కోలా పది ఏరి, ఆకుల్లో చుట్టించుకుని, శుక్రవారం నమాజు అయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలోకి నేనే వెళ్లాను.

సిరికీ పక్కన కుయాతే, హోటల్లో దిగిన ఇంకో నలుగురు, టీ కెటిల్ చుట్టూ కూర్చున్నారు. సితాన్ గుమ్మంలో నిలబడింది. ముసలాయన ముందు వంగి పొట్లం పెట్టాను.

"అయ్యా, మీ అమ్మాయి సితాన్‌ను నాకిచ్చి పెళ్లి చెయ్యమని అడగడానికి వచ్చాను."

 సిరికీ పొట్లం విప్పాడు. కోలా చూశాడు, నన్ను చూశాడు, నా ఇస్త్రీ చొక్కా చూశాడు. ఇక మొదలుపెట్టాడు నవ్వటం!

"బురామా! చూశావా జారావాణ్ణి! వెళ్లిపోయే ముందు ఎంత తమాషా పన్నాడో! వెంట పెద్దదిక్కు లేదు, మధ్యవర్తి లేడు, పెళ్లికొడుకే కోలా మోసుకొచ్చాడు!" కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఒక గింజ పటుక్కున విరిచి నోట్లో వేసుకున్నాడు. "జారాల కోలా ఊరికే దొరకదు, తినండర్రా! సితాన్, అందరికీ పంచవే!"

 ఆ నవ్వుల మధ్య ఇంకోసారి చెప్పినా ఇంకోసారి నవ్వుతారు.

సితాన్ వచ్చింది. తలగుడ్డ సరిగ్గా చుట్టుకుంది. కోలా పళ్లెంలో పెట్టి, చిన్న చిన్న ముక్కలు చేసి, మొదట కుయాతే ముందు వంగింది. తర్వాత ఆ నలుగురికి. తర్వాత లోపలికెళ్లి వంటావిడకు. అక్కడితో ఆగుతుందనుకున్నాను. చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. పక్కింటి దర్జీకి ఇచ్చింది, ఎదురింటి ముసలమ్మకు ఇచ్చింది, చేపలు వేయిస్తున్న అక్కచెల్లెళ్లకు ఇచ్చింది. ప్రతి ఒక్కరితోనూ ఒకే మాట, వరండాకు వినపడేలా.

"నా కోసం వచ్చిన కోలా. బ్రెహిమా జారా తెచ్చాడు."

వీధిలో ఆడవాళ్లు కేకలు పెడుతూ ఆమెను కావలించుకుంటున్నారు. వరండాలో నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. అందరికంటే ముందు ఆపింది కుయాతే.

"సిరికీ. ఇంక నవ్వకు" అన్నాడు. "కోలా నువ్వు తిన్నావు. నేను తిన్నాను. వాడకట్టంతా తింటోంది. పెళ్లి మాటలు మోసే వృత్తి నాది, నేను తిన్నాక దానికి సాక్షిని. తమాషాగా తిన్నానని రేపు ఎవరికి చెప్పను?"

ముసలాయన దవడ ఆగిపోయింది. నోట్లో కోలా అలాగే ఉంది. ఖాళీ పళ్లెంతో తిరిగొచ్చిన కూతురి వైపు చూశాడు.

"సితాన్, ఇటు రా. ఇదంతా మీరిద్దరూ కలిసి ఆడుతున్న నాటకమా?"

"ఇంతసేపు పంచాను కదా నాన్నా" అంది. చూపు తండ్రి ముఖం మీదనుంచి కదలలేదు. "ఒక్కసారైనా నవ్వానా?"

 ఆయన నోట్లో కోలా మింగి నావైపు తిరిగాడు. ఇన్నాళ్లలో ఆయన నన్ను తిట్టకుండా చూడటం అదే మొదటిసారి.

"మీ పెద్దవాళ్లను రమ్మను. ఏ ఊళ్లో ఉన్నా సరే, రేపటికల్లా ఇక్కడుండాలి" అన్నాడు. "ఇది పద్ధతిగా జరగాలి."

"కోలా మళ్లీ తెమ్మంటారా?"

"ఎందుకు? తినేశాం కదయ్యా."

టీ గ్లాసు పక్కన పెట్టి, రెండు అరచేతులూ ఆకాశం వైపు తెరిచాడు. 

"దేవుడు ఈ ఇద్దరినీ చల్లగా చూడాలి. ఇద్దరికీ ఒకే కాపురం, దీర్ఘాయువు ఇవ్వాలి. నా బిడ్డ కంట నీరు చూడకుండా ఉండాలి."

"ఆమీన్" అంది వరండా అంతా. సితాన్ గొంతు అందరికంటే ముందు వినిపించింది.