పొగగొట్టం కూల్చిన శుక్రవారం

మా వీధిలో శుక్రవారం వచ్చిందంటే ఇంటింటా షెల్పెక్‌లు వేయిస్తారు. పల్చటి రొట్టెలు, ఏడు. పోయినవాళ్ళు రొట్టె తినలేరు కదా, కాగిన నూనె వాసనే వాళ్ళకు భోజనం. ఆ వాసన పట్టుకుని ఇంటికొస్తారు, కాసేపు ఉండి వెళ్ళిపోతారు. మా ఊరు కారగందాలో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.

మా అమ్మ బాల్జాన్ మాత్రం ఏనాడూ ఇంట్లో వేయించలేదు. కిరసనాయిలు పొయ్యి, బాణలి తోపుడుబండిలో పెట్టుకుని, మంచు కురుస్తున్నా సరే, వీధి చివర మూతపడ్డ కరెంటు కార్ఖానా గోడ దగ్గరికి పోయేది. మా నాన్న సేయిత్‌ఖాన్ అక్కడి పొగగొట్టంలో బూడిద దులిపేవాడు. నా చిన్నప్పుడు ఒకరోజు పనికని వెళ్ళి తిరిగి రాలేదు. ఎవత్తెతోనో లేచిపోయాడని కార్ఖానావాళ్ళు తేల్చేశారు. "లోపల పడి చచ్చాడు, దాచేశారు" అని అమ్మ ఊరంతా వినేలా ఏడ్చింది. ఆ గొట్టాన్ని చూస్తూ, ఆ పెద్దమనుషుల్ని తిట్టుకుంటూ పెరిగాను నేను. నాన్నకు ఎడమకాలు ఈడ్పు. ఆ చప్పుడొక్కటే నాకు బాగా గుర్తు.

గొట్టం కూల్చేస్తారని తెలిసినప్పుడు నాకు సంతోషమే వేసింది. గుప్పెడు ఎముకలు దొరికినా చాలు, నమాజు చదివించి మట్టిలో పెట్టుకోవచ్చు. అమ్మే ఒప్పుకోలేదు. కూల్చవద్దని, ఆ పని చేయిస్తున్న ఇంజనీరు ఎర్మెక్ కాళ్ళావేళ్ళా పడింది.

"పెద్దమ్మా, మీరు బాధపడుతున్నారనే అడుగంతా జల్లెడ పట్టించాను," అన్నాడు అతను. "పావురాల ఎముకలు తప్ప ఏమీ లేవు."

పక్కింటి కులాష్ ఊరుకుంటుందా! "ఇన్నేళ్ళూ గోడకు మేపావు కదే బాల్జాన్. మీ ఆయన ఎక్కడో కొత్త పెళ్ళాం చేతి రొట్టెలు తింటున్నాడేమో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం తల వంచుకుంది.

కూల్చేది శుక్రవారమే. దారికి అడ్డంగా తాడు కట్టేశారు. అమ్మ ఆ తాడు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇక గోడే ఉండదు, నాన్న వారం వారం ఎక్కడికి రావాలి? పొయ్యి వంటింట్లోనే వెలిగించాను. మా ఇల్లు అంతవరకు ఆ వాసన ఎరగదు.

ఏడో రొట్టె పళ్ళెంలో వేస్తుండగా సైరన్ మోగింది. నేల అదిరింది. కిటికీలోంచి చూస్తే గొట్టం నడుము విరిగి, నెమ్మదిగా ఒరిగిపోయింది. వెంటనే దుమ్ము. పట్టపగలే చీకటి పడింది.

అమ్మ దగ్గుతూ పరిగెత్తుకొచ్చింది. బాణలి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు వేయించమన్నారే?"

"నాన్న కోసమేనమ్మా. ఇంక గోడ..."

"ఆర్పు రబీగా... ఆర్పెయ్యి!"

వంటింటి మధ్య తివాచీ మీద చతికిలబడింది. దాని కింద చెక్కమూత, మూత కింద బంగాళాదుంపలు దాచే గొయ్యి. నీళ్ళూరుతున్నాయని అమ్మ ఎప్పుడో వాడటం మానేసింది. మా దుంపలు కొట్టంలోనే ఉంటాయి.

చీకటి. నూనె వాసన. దానిలోంచి తడి మట్టి వాసన...

కింద ఏదో కదిలింది.

ఒక అడుగు... ఒక ఈడ్పు.

ఒక అడుగు... ఒక ఈడ్పు.

"అమ్మా... అది..."

"పిలవకు."

మూత కింది నుంచి ఎవరో మెల్లగా తట్టారు. అమ్మ కూర్చున్నచోటే ఎగిరిపడింది. రెండు చేతులూ తివాచీ మీద ఆనించి, పసిపిల్లాణ్ణి జోకొట్టినట్టు గుసగుసలాడింది.

"పడుకో... పిల్ల భయపడుతోంది. ముందు గొడ్డలి ఎత్తింది నువ్వే కదయ్యా... పడుకో..."

బయట జనం చప్పట్లు కొడుతున్నారు.

దుమ్ము పల్చబడ్డాక చప్పుడు ఆగింది. అమ్మ నా మొహం చూడలేదు. నా బతుకంతా ఎవరెవరినో తిట్టాను! ఎముకలు ఎక్కడున్నాయో ఇప్పుడు తెలిసింది. మూత తీస్తే అమ్మ జైలుకు, తీయకపోతే నాన్నకు నమాజు లేదు. నేను మూత తీయలేదు. బట్టల బీరువా దాని మీదికి జరిపాను.

తెల్లారి లేచేసరికి ఇంటినిండా సన్నటి బూడిద పరుచుకుని ఉంది. బీరువా అంగుళం కూడా కదల్లేదు. పళ్ళెంలో ఆరు రొట్టెలే ఉన్నాయి.

బీరువా కాళ్ళ దగ్గర మొదలై అమ్మ గదిలోకి వెళ్ళాయి జాడలు. ఒక అడుగు, ఒక గీత. ఒక అడుగు, ఒక గీత. తిరిగి వచ్చిన జాడ లేదు.

అమ్మ గోడకు అతుక్కుని, ముడుచుకుని పడుకుంది. మంచంలో రెండోవైపంతా ఖాళీగా వదిలేసింది. అటువైపు పరుపు కిందికి అణిగి ఉంది.

"అమ్మా," అన్నాను.

అమ్మ కళ్ళు తెరవలేదు. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... ఇప్పుడే నిద్రపోయాడు."