గీత దాటిన అక్షరం

డిజైన్ స్టూడియో యజమాని తన పేరు కిందే చచ్చిపడి ఉన్నాడు.

గోడ మీద అడుగెత్తు చెక్క అక్షరాలు. ఆయన పేరే. స్టూడియో తయారుచేసిన కొత్త ఫాంట్‌లో చెక్కినవి. ఆ ఫాంట్‌కీ అదే పేరు. సాయంత్రం దానికి అవార్డు. పక్కన పడిపోయిన నిచ్చెన. తల వెనక రక్తం.

"కాలు జారింది సార్," అన్నాడు మేనేజరు. చచ్చినవాడికి బావమరిది. "తనే అంటిస్తానని పంతం. మా బావ ఎవరి మాట విన్నాడు గనక!"

ఎస్సై నిచ్చెన చూడలేదు. గోడ చూశాడు.

ప్రతి అక్షరం అంచునా పెన్సిల్ గీత. చివరిది మాత్రం గీత దాటి వేలెడు ఎడమకి జరిగి ఉంది. శవం జేబులోని ఫోన్ తీశాడు. భార్యకి పంపిన ఆఖరి ఫోటో. "అయిపోయింది, దిగుతున్నా." అందులో ఆ అక్షరం గీత మీదే ఉంది.

"మీ బావే మళ్లీ జరిపి ఉంటాడా?"

"మా బావా? స్కేలు పెట్టి కొలిచాడంటే దేవుడు దిగొచ్చినా జరపడు."

ఎస్సై కుర్చీ ఎక్కి ఆ అక్షరాన్ని మెల్లగా పీకి, మళ్లీ గీత మీదే అంటించాడు. తర్వాత బిల్డింగ్‌లో ఉన్న ముగ్గురినీ గోడకి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"నువ్వెక్కడున్నావ్?"

"ప్రింటింగ్ మెషిన్ దగ్గర సార్," అన్నాడు ఆపరేటరు. "ఆ హోరులో పిడుగు పడ్డా వినపడదు."

"మీరు?"

"ఫోన్‌లో. మా అక్కతోనే," అన్నాడు మేనేజరు.

"మీరు?"

మూడో మనిషి ముసలి ఆర్టిస్టు. ఫాంట్లు గీసేది ఆయనే. చూపు గోడ మీద ఉంది. కాలు ఆడిస్తున్నాడు.

"సరే. అవార్డు వాళ్లొచ్చి ఈ గోడ ఫోటో తీసుకుంటారట. ఇలాగే ఉండనివ్వండి," అని ఎస్సై లేచాడు.

ఆర్టిస్టు ఆగలేకపోయాడు. విసురుగా వెళ్లి కుర్చీ ఎక్కి చివరి అక్షరాన్ని వేలెడు ఎడమకి జరిపి నొక్కాడు.

నొక్కాక గానీ తెలియలేదు, అందరూ తననే చూస్తున్నారని.

"దీని ముందున్న అక్షరం కొమ్ము కింద కుడివైపుకి సాగింది," అన్నాడు ఎస్సై. "స్కేలు ఆ కొమ్ము చివర్నుంచి కొలిచింది. కొలత సరే, కంటికి మాత్రం పైన ఖాళీ ఎక్కువై బోసిగా కనిపిస్తోంది. అక్షరాల మధ్య ఖాళీని కంటికి నప్పేలా సర్దడాన్ని కెర్నింగ్ అంటారట కదా? పొద్దున కూడా ఇలాగే సర్దారు. శవం పక్కనే కుర్చీ వేసుకుని."

ఆర్టిస్టు తల దించలేదు.

"పోయిన నా కూతురి పేరు పెట్టుకున్నాను ఆ ఫాంట్‌కి. వాడు ఆ పేరు పీకేసి తన పేరు తగిలించుకున్నాడు. ఎందుకురా అంటే నిచ్చెన మీంచే నవ్వాడు. లాగేశాను. బతికొస్తే మళ్లీ లాగుతాను."

"అక్షరం ముట్టుకోకుండా పోయుంటే ప్రమాదమనే రాసుకునేవాణ్ణి. ఎందుకు జరిపారు?"

ఆయన సంకెళ్లకి చేతులు చాచాడు. కళ్లు మాత్రం ఇంకా గోడ మీదే.

"పగ వాడి మీద సార్. అక్షరాలు నా బిడ్డవి."