ఫోటోలో లేని మనిషి

వేమూరు!

రైలు ఆగీ ఆగకముందే రాగసుధ దూకేస్తుంది.

ఈ పెట్టెలోనూ చెల్లెలు లాస్య లేదు!

పక్క పెట్టెకి పరుగు. కూత... బండి కదిలిపోతోంది. ఎవరో పెద్దాయన చెయ్యందించి లోపలికి లాగి, ప్రాణం మీద తీపి లేదా తల్లీ అని మందలిస్తాడు. ఆమెకి వినపడదు.

చీకటి పడింది. పాసింజర్ బండి. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి లేదు. ప్రతి స్టేషన్లోనూ దిగాలి... ఎక్కాలి... వెతకాలి!

తప్పంతా తనదే.

బాపట్లలో టీచరు. ముప్ఫై నాలుగేళ్లు. చెంప మీద బొల్లి మచ్చ చూసి సంబంధాలన్నీ వెనక్కిపోయాయి. ఆర్కుట్‌లో దీపక్ పరిచయమయ్యాడు. ఎనిమిది నెలలు నెట్ సెంటర్లో కూర్చుని చాటింగ్. ఫోటో అడిగితే లాస్య ఫోటో పంపింది. పేరూ లాస్యదే చెప్పింది. కొరివితో తల గోక్కుంది! కలుద్దామనేసరికి హడలిపోయి చాటింగ్ మానేసింది.

ఇవాళ మధ్యాహ్నం మెయిల్. ఫోటోలో వెనకున్న తెనాలి కాలేజీ బోర్డు చదివాడట. సాయంత్రం రేపల్లె బండిలో తీసుకుపోతాడట. రానంటే చంపేస్తాడట!

లాస్యకి పంతొమ్మిదేళ్లు. పాపం, దానికేమీ తెలియదు. తను తెనాలి చేరేసరికే బండి కదులుతోంది, అందిన పెట్టెలోకి ఎక్కేసింది.

భట్టిప్రోలు. లేదు...

రేపల్లె. ఆఖరి స్టేషన్. జనం దిగిపోయారు. ఆఖరి పెట్టె...

ఉంది!

మూల సీట్లో లాస్య. పక్కనే బక్కపల్చటి మనిషి. చేతిరుమాలు కింద కత్తి... ఆమె నడుముకి ఆనించి!

"అక్కా, ఈయనెవరో నాకు తెలీదే. చాటింగంటాడు, పెళ్ళంటాడు..."

"దాన్ని వదిలెయ్యండి. మీకు రాసింది అది కాదు. నేను."

దీపక్ నవ్వుతాడు. చెల్లెల్ని తప్పించడానికి భలే కథ అల్లావంటాడు.

"అయితే చెప్పు. మా అమ్మ పోయిన రోజు నాకేం రాశావు?"

"అన్నం తినమన్నానండి. మీరు తినేదాకా నేనూ తిననన్నాను." ఒక అడుగు ముందుకేస్తుంది. "తినలేదండి."

కత్తి పక్కకి జరుగుతుంది.

మొదటిసారి ఆమెని చూస్తాడు. కళ్ళని... చెంపని... మచ్చని.

సిగ్గులేని గుండె! ఇప్పుడు కూడా ఆశపడుతోంది.

"నువ్వా?"

అసహ్యంగా మొహం తిప్పుకుని, మళ్ళీ లాస్య జడ మీద చెయ్యి వేయబోతాడు.

రాగసుధ ఒక్క ఉదుటున మీదపడి, రెండు చేతులా అతన్ని కావలించుకుంటుంది. ఎనిమిది నెలలు కలగన్న మనిషిని!

"పరిగెత్తవే లాస్యా!"

ప్లాట్‌ఫారం మీద అడుగుల చప్పుడు... దూరంగా... ఇంకా దూరంగా...

కత్తి కడుపులో దిగుతుంది.

ఆమె పట్టు వదలదు.