తడి తొట్టిలో మనిషి

"నేనే చంపేశానేమోనండీ!"

కుర్చీ చూపించినా కూర్చోకుండా తడి మేస్త్రీ డిటెక్టివ్‌తో అన్న మొదటి మాట అది. పిండిమిల్లులో గోధుమలకు తడిపెట్టడం ఇరవై ఏళ్లుగా అతని పని.

తొట్టిలోకి గోధుమలు వదిలేముందు లోపల ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూసి మూడుసార్లు కేకెయ్యాలి. మిల్లులో అది ఆనవాయితీ. నిన్న సాయంత్రం ఒంట్లో నలతగా ఉండి మేస్త్రీ ఆ పని ఎగ్గొట్టాడు. ఈ ఉదయం తొట్టి ఖాళీ చేస్తుంటే అడుగున యజమాని శవం బయటపడింది.

"జైలుకి పోతే పోతాను బాబూ. నా గోధుమల కిందే ఆయనకి ఊపిరాడలేదా? అదొక్కటి చెప్పండి."

మిల్లుకు వెళ్లాక డిటెక్టివ్ అడిగాడు. "తడిపెట్టేముందు ఏం చేస్తారు?"

"జల్లెడ పడతామండీ. పొట్టూ దుమ్మూ గాలికి పోతాయి. ఇనుముని అయస్కాంతం లాగేస్తుంది, రాళ్లని ఇంకో మర తీస్తుంది. ఆ తర్వాతే నీళ్లు."

"రాయి ఒక్కటీ మిగలదా?"

"నా తొట్టిలో రాయి దొరికితే చెయ్యి నరుక్కుంటాను!" అంత భయంలోనూ మేస్త్రీకి రోషం పొడుచుకొచ్చింది.

ఆసుపత్రి నుంచి డిటెక్టివ్ సహాయకురాలు కాగితం పొట్లం తెచ్చింది. అందులో పురుగు తొలిచిన నాలుగు గోధుమ గింజలు, ఓ గడ్డిపరక, చిన్న మట్టిబెడ్డ. యజమాని గొంతులోంచి డాక్టరు తీసినవి. మేస్త్రీ చూడలేక మొహం తిప్పుకున్నాడు.

గేటు దగ్గర కాపలాదారు ఒక్క మాటే చెప్పాడు. "నిన్న మధ్యాహ్నం, మిల్లుకి గోధుమలు కొనే అయ్యగారి బావమరిది కూలీల్ని పంపేసి, ఓ లారీ తనే దింపుకున్నారు. లారీల సరుకు పోసే గొయ్యి తాళం ఆయన దగ్గరే."

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ జల్లెడ గదిలోకి పిలిచాడు. ఇన్‌స్పెక్టర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మనిషి ఆఖరి ఊపిరితో పీల్చింది గొంతులో ఉంటుంది," అన్నాడు డిటెక్టివ్. "అయ్యగారి గొంతులో మట్టి, గడ్డి. తడి తొట్టిలో అవి ఉండవు. శుభ్రం చేయని గోధుమలు ఉండేది లారీ గోతిలోనే."

బావమరిది నవ్వబోయాడు. "గోధుమలు ఎక్కడైనా గోధుమలేగా?"

"మీకు అంతే. కొనడమే తప్ప బాగుచేయడం ఎరగరు. పురుగు పట్టిన సరుకు దింపుతుంటే ఆయన పట్టుకున్నారు. గోతిలోకి తోసి, పైన గోధుమలు వదిలారు. తర్వాత బస్తాలెత్తే లిఫ్టులో పైకి చేర్చి ఖాళీ తొట్టిలో పడేశారు, నేరం మేస్త్రీ మీదకు పోతుందని."

"చంపాలని తొయ్యలేదు! పోలీసులకి చెబుతానన్నాడు..." బావమరిది తలుపు వైపు దూసుకెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ అతని జబ్బ పట్టుకున్నాడు.

సహాయకురాలు మెరిసే కళ్లతో డిటెక్టివ్ వైపు చూసింది. ఆయన మాత్రం మేస్త్రీనే చూస్తున్నాడు.

"అయితే... నేను గోధుమలు వదిలేటప్పటికి?"

"ఆయన పోయి రెండు గంటలైంది."

మేస్త్రీ జల్లెడ పక్కనే కూలబడి, పొద్దుటి నుంచి రాని ఏడుపంతా ఏడ్చాడు. నేరం తప్పినందుకు కాదు. అప్పటికి గానీ అయ్యగారు పోయారని ఏడవడానికి అతనికి ధైర్యం రాలేదు.